వడిసెల తిప్పిన చెయ్యి

ఆడటం, ఆడించటం

కోచింగ్‌లోకి రావాలనుకునే కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి మొట్టమొదట అడిగేది ఒకటే. "సార్, ఏ కోర్సు చేస్తే మంచిది?" కోర్సుల సంగతి నాకు తెలియదు. నేను ఏదీ చెయ్యలేదు. ఆ పనిలో అసలు చేసేదేమిటో, ఎక్కడ బోర్లా పడతామో, ఏ పూట ఇంటికి సంతోషంగా వెళతామో, అది మాత్రం చెప్పగలను. ఏ ఊళ్లో ఎవరు నాకు శాలువా కప్పారనేది ఇందులో ఉండదు. కావాల్సినవాళ్లు మా ఇంటికొచ్చి బీరువా తెరిచి చూసుకోవచ్చు.

నేను ఫాస్ట్ బౌలర్ని. మంచి బౌలర్నే, ఇందులో మొహమాటపడేందుకేమీ లేదు. రాష్ట్ర జట్టుకు కొన్నేళ్లు ఆడాను. గుంటూరులో ఒక పొగాకు కంపెనీ వాళ్లు నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు గానీ, నేను ఆ ఆఫీసులో కూర్చున్నది తక్కువ, వాళ్ల జట్టుకు బంతి వేసింది ఎక్కువ. జీతం అందుకే ఇచ్చేవాళ్లు. ఎనభైల మొదట్లో మోకాలు పోయింది. ఇక పరిగెత్తొద్దన్నాడు డాక్టరు. అయితే వచ్చి ఆఫీసులో కూర్చోమన్నారు కంపెనీ వాళ్లు. కూర్చోవటం నా వల్ల కాలేదు. సరిగ్గా అప్పుడే చిలకలూరిపేట దగ్గర ఒక కాలేజీ ప్రిన్సిపాలు, కోటేశ్వరరావు గారని, మా కుర్రాళ్లకు ఆట నేర్పుతారా అని కబురు పెట్టారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. మోకాలు బాగుంటే నిజంగానే గంతేసేవాణ్ణి.

మొదటి నెలంతా నేను చేసిన పని ఏమిటయ్యా అంటే, కుర్రాళ్లను ఔట్ చెయ్యటం. నాలుగడుగులు నడిచి వేసినా వాళ్ల వికెట్లు ఎగిరిపోయేవి. నాకు మహా సరదాగా ఉండేది. జట్టు కెప్టెన్ శీను అని, మిరప రైతు కొడుకు, మాట దాచుకునే రకం కాదు. ఒకరోజు వరసగా బౌల్డయ్యాక బ్యాటు చంకలో పెట్టుకుని తిన్నగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్, మీరు గొప్ప బౌలరని మాకు తెలిసిపోయిందండీ. ఇంక మాకేమన్నా నేర్పుతారా?"

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక గానీ వాడన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదని ఒప్పుకోలేకపోయాను. పెద్ద ఆటగాడు కోచ్ అయితే వచ్చే మొదటి జబ్బు ఇది. ఇంకా తానే ఆడుతున్నాననుకుంటాడు. మర్నాటి నుంచి నేను బంతి పట్టుకోలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. చూడటం బౌలింగు కన్నా కష్టమని అప్పుడు తెలిసింది.

మా నేల, మా అలవాట్లు

మాది నల్లరేగడి. వాన పడితే చెప్పు ఊడొస్తుంది, ఎండ కాస్తే చెయ్యి పట్టేంత బీటలు. అలాంటి నేల మీద పిచ్ నిలవదు. కొబ్బరిపీచు చాప పరిచి, అంచుల వెంబడి మేకులు కొట్టి ఆడేవాళ్లం. చాప బిగువుగా ఉంటే బంతి మొహం మీదికి లేస్తుంది, వదులుగా ఉంటే కాళ్ల దగ్గరే చస్తుంది. కాబట్టి మ్యాచ్ రోజు పొద్దున్నే ముందు మేకులు చూసుకునేవాణ్ణి, తర్వాతే మనుషుల్ని.

మిరప కోతలు మొదలయ్యాక ఇంకో తమాషా ఉండేది. మా గ్రౌండు పక్కనే కల్లాల్లో కాయ ఆరబోసేవాళ్లు. గాలి ఇటు తిరిగిందంటే ఘాటుకు పొరుగూరి జట్టు మొత్తం తుమ్ములే తుమ్ములు. మావాళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఆ గాలిని శీను "మన పన్నెండో ఆటగాడు" అనేవాడు.

మా కుర్రాళ్లు క్రికెట్ నేర్చుకున్నది పత్తికట్టె పీకేసిన చేలల్లో. అక్కడ బంతి వెయ్యరు, విసురుతారు. అంపైరుండడు, ఉన్నా బ్యాటింగు చేసేవాడి అన్నే అంపైరు. ఎవడు ఎంత గట్టిగా విసిరితే వాడు అంత మొనగాడు. క్రికెట్లో బంతి వదిలే ముందు వంగిన మోచేతిని విసురుగా చాపితే అది బౌలింగు కాదు, రాయి విసిరినట్టు. అంపైరు చూస్తే నోబాల్ అంటాడు. ఈ సంగతి మా పల్లెల్లో ఎవరికీ తెలియదు, తెలిసినా ఎవరికీ పట్టదు. నేను కాలేజీలో చేరిన రోజున అందరూ గొప్పగా చెప్పిన కుర్రవాడు ఇలాంటి విసురుడులో అందరికన్నా మొనగాడు.

దాసు

అతని పేరు ప్రభుదాసు. అందరూ దాసు అనేవాళ్లు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. ఆదివారం ప్రాక్టీసుకు రాడు, వాళ్ల ఊరి చర్చిలో డోలక్ వాయిస్తాడు. తండ్రి ఏలియా జిన్నింగ్ మిల్లులో కూలీ. ఏళ్ల తరబడి దూది నుసి పీల్చి ఆయనకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను, వింటున్నవాడి గుండెలు కూడా అదిరేవి. దాసు డిగ్రీ ఆఖరి సంవత్సరం. పరీక్షలు కాగానే అదే మిల్లులో పనికి పెడతానని ఏలియా మేస్త్రీతో మాట్లాడేసుకున్నాడు. ఇంట్లో చదువుకుంటున్న ఆడపిల్లలున్నారు, ఇంకో సంపాదన కావాలి. ఆయన తప్పేమీ లేదు.

ఆ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడినవాడికి రైల్వేలోనో బ్యాంకులోనో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం దొరికేది. దాసుకు మిల్లు తప్పాలంటే ఉన్న దారి అదొక్కటే. యూనివర్సిటీ సెలెక్టర్లు చూసేది కాలేజీల మధ్య జరిగే పోటీల ఫైనలు. అది ఫిబ్రవరి ఆఖర్లో గుంటూరులో. దాసుకు ఆ ఒక్క అవకాశమే ఉంది, వచ్చే ఏడాది అనే మాట లేదు.

మొదటిసారి వాడి బంతి చూసి నేను నిలబడిపోయాను. అంత వేగం రాష్ట్ర జట్టులో కూడా ఎక్కువమందికి లేదు. రెండో బంతి పక్కనుంచి చూశాను. మోచెయ్యి చక్కగా వంగింది, ఫట్టున చాచుకుంది. పల్లె విసురుడే.

"ఎట్టుందండీ మావాడి స్పీడు?" అన్నాడు శీను, తానే కన్నంత గర్వంగా.

"ఎవరూ నోబాల్ అనలేదా ఇంతవరకూ?"

"ఎవడంటాడండీ? మన అంపైర్లందరూ మనోళ్లే గదా!"

అదే మా ఖర్మ. మనవాళ్లు మనవాణ్ణి కాపాడామనుకుంటారు. నిజానికి వాణ్ణి తీసుకెళ్లి గోతి అంచున నిలబెడతారు. గుంటూరు ఫైనలుకు బయటినుంచి పెద్ద అంపైరు వస్తాడు. ఆయన ఒక్కసారి చెయ్యి చూసి నోబాల్ అన్నాడంటే ఆ ముద్ర ఇక చెరగదు. ఏ సెలెక్టరూ వాడి పేరెత్తడు. వాడు తిన్నగా వెళ్లి మిల్లులో దూది ఎత్తటమే.

దాసును పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు తలొంచుకుని విన్నాడు.

"అయితే నేను బౌలర్ని కాదా సార్?"

"ఇంకా కాదు. చేస్తాను."

అంత ధీమాగా అనేశాను గానీ ఎలా చెయ్యాలో నాకప్పటికి తెలియదు.

వెదురు బద్ద

తెలియనప్పుడు మనిషి తెలివితక్కువ పనులు చేస్తాడు. వెదురు బద్ద ఒకటి చెక్కించి దాసు మోచేతికి గుడ్డతో కట్టాను, వంగకుండా. వాడు పరిగెత్తుకొచ్చి వేస్తే బంతి వికెట్ల వైపు కాకుండా సైకిల్ స్టాండులోకి పోయింది. రెండోసారి కెమిస్ట్రీ లెక్చరరు గారి కాళ్ల మధ్యనుంచి పోయింది. కాలేజీ ఆడపిల్లలు "అయ్యో, చెయ్యి ఎప్పుడు విరిగింది?" అని జాలిపడ్డారు. దాసు సిగ్గుతో చచ్చిపోయాడు. వారం తిరక్కుండానే ఆ బద్ద పొయ్యిలో పెట్టాను.

తర్వాత అరవటం మొదలుపెట్టాను. "వంచకు! వంచకు!" అని ప్రతి బంతికీ. వంచొద్దంటే వాడికి వంగటం మీదే ధ్యాస. వేగం పోయింది, గురి పోయింది, మోచెయ్యి మాత్రం ఎప్పటిలాగే వంగింది. డిసెంబరు నాటికి వాడు నన్ను చూస్తే మొహం తిప్పుకునే దాకా వచ్చింది.

కొత్తగా కోచ్‌లయ్యేవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. ఇది మానెయ్యి అంటే కుర్రవాడు మానలేడు. మానినచోట పెట్టుకోవటానికి ఇంకొకటి వాడి చేతికివ్వాలి. అదేమిటో తెలియక నేను గ్రౌండు చుట్టూ తిరుగుతుండేవాణ్ణి.

పిట్టలకు ఆదివారం ఉంటదా

జనవరిలో ఒక ఆదివారం దాసు వాళ్ల ఊరికి వెళ్లాను. వాడు రెండు రోజులుగా ప్రాక్టీసుకు రాలేదు. చర్చి అప్పుడే అయిపోయింది. ఇంట్లో ఏలియా ఒక్కడే మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. తల్లీకొడుకులు ఒక రైతు జొన్నచేలో కాపలాకు వెళ్లారన్నాడు. జొన్న పాలకంకి దశలో ఉంది, చిలకలు దండుగా దిగుతున్నాయట.

నేను వెళ్లేసరికి మంచె మీద దాసు తల్లి మరియమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది గానీ చేతిలో వడిసెల కింద పెట్టలేదు. వడిసెల అంటే తెలియని పిల్లలకు చెబుతాను. నారతో పేనిన తాడు, మధ్యలో రాయి పెట్టటానికి చిన్న జాలి. రెండు కొసలూ చేత్తో పట్టుకుని గిరగిరా తిప్పి ఒక కొస వదిలేస్తే రాయి చేను ఆ చివరికి పోతుంది.

"ఆదివారం కూడా పనేనా అమ్మా?" అన్నాను.

"మనకి ఆదివారం గానీ పిట్టలకు ఆదివారం ఉంటదా అయ్యా?" అంది. అని పక్కన గిరగిరా తిప్పి "హోయ్!" అంటూ వదిలింది. దూరంగా చిలకల గుంపు లేచింది.

నాకు చేతులు దురదపెట్టాయి. చిన్నప్పుడు తిప్పినవాణ్ణే కదా అని మంచె ఎక్కి అడిగి తీసుకున్నాను. రాష్ట్ర జట్టు ఫాస్ట్ బౌలర్ని! తిప్పి వదిలితే రాయి ముందుకు కాదు, వెనక్కి పోయింది. వెనక మిరపచేలో కాయ కోస్తున్న ఆడవాళ్ల మధ్యన పడింది. "ఎవడ్రా అది? చేతులిరిగిపోను!" అని ఒకావిడ లంకించుకుంది. మరియమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాలులో ఉన్న ఆడవాళ్లందరికీ చేతులు జోడించి క్షమాపణలు చెప్పాను.

అప్పటికి దాసు చేను అవతలి గట్టున ఉన్నాడు. నేను వచ్చింది చూడలేదు. దగ్గర్లో వాలిన పిచ్చుకల మీదికి మట్టిపెళ్ల తీసి విసిరాడు. మోచెయ్యి వంగింది, ఫట్టున చాచుకుంది. గ్రౌండులో రోజూ చూస్తున్న దరిద్రమే. ఇంతలో దూరాన చిలకలు వాలాయి. వాడు మెడలోంచి తన వడిసెల తీశాడు, రాయి పెట్టాడు, పక్కన గిరగిరా తిప్పి వదిలాడు.

నేను మంచె గుంజ పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా కర్రలా నిటారుగా ఉంది. మోచెయ్యనేది వాడికి ఉన్నట్టే లేదు. భుజం తిరిగింది, చెయ్యి చెవి పక్కనుంచి వచ్చింది, రాయి వెళ్లింది.

"మళ్లీ తిప్పరా!" అని అరిచాను. వాడు ఉలిక్కిపడి చూశాడు.

"ఏంది సార్?"

"మళ్లీ తిప్పు! ఇంకోటి! ఇంకోటి!"

పిట్టలు లేకపోయినా తిప్పించాను. ఒక్కసారి కూడా వంగలేదు. వాడి ఒంట్లోనే రెండు చేతులున్నాయి. దగ్గరి పిట్టకు ఒక చెయ్యి, దూరం పిట్టకు ఇంకో చెయ్యి. క్రికెట్ బంతి పిడికిట్లో పట్టేదే కదా అని వాడు మట్టిపెళ్ల చేత్తో వేస్తున్నాడు. నేను నెలల తరబడి చేసిందల్లా ఆ చేతిని తిట్టటం. రెండోది ఉందని నాకెవరు చెబుతారు?

మంచె దిగి వెళ్లి దాసును వాటేసుకున్నాను. వాడు బిత్తరపోయాడు. మరియమ్మ మంచె మీదనుంచి "మాస్టారికి ఎండ తగిలినట్టుందిరా, మజ్జిగివ్వు" అంది.

తాడు పొట్టి చెయ్యటం

మర్నాటి నుంచి బంతి మానేశాం. పాత మేజోడులో గుడ్డలు కుక్కి ఉండలా కుట్టించాను. దానికి మూరెడు తాడు కట్టాను. "ఇది వడిసెల. అక్కడ వికెట్ల మీద చిలక వాలింది. తిప్పి వదులు" అన్నాను. దాసు మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనిపించింది. శీను, మిగతావాళ్లు మాత్రం భయపడి రోలరు వెనక దాక్కున్నారు.

ముందు నిలబడి తిప్పాడు. తర్వాత నడుస్తూ. తర్వాత పరుగెడుతూ. ఎక్కడా వంగలేదు. అప్పుడు తాడు కొంచెం కత్తిరించాను. అలవాటయ్యాక ఇంకొంచెం. జానెడైంది, బెత్తెడైంది, వేలెడైంది. ఒకరోజు తాడు అసలు లేకుండా ఆ గుడ్డ ఉండనే వేళ్ల మధ్య పెట్టాను. వాడు గమనించకుండానే వేసేశాడు. చెయ్యి నిటారుగా ఉంది. ఆ సాయంత్రం వాడి చేతికి అసలు బంతి ఇచ్చి, నేను పక్కకు వెళ్లి నిలబడ్డాను. చూశాను. మళ్లీ చూశాను. తర్వాత జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాను. కల్లం ఘాటు ఇటు కొడుతోందని వాళ్లతో అన్నాను గానీ, ఆ రోజు గాలే లేదు.

ఒక్కటే లోటు. వేగం తగ్గింది. వస్తుంది, మెల్లగా వస్తుంది, కానీ ఫైనలుకు ముందు మొత్తం రాదు. పరిగెత్తుకొచ్చే ముందు పక్కన ఉత్త చెయ్యి రెండుసార్లు తిప్పుకోవటం వాడికి అలవాటైంది, లేని వడిసెలను తిప్పినట్టు.

ప్రిన్సిపాలు గారు

కోటేశ్వరరావు గారిని చెడ్డవాడుగా చూపించటం నాకిష్టం లేదు. మైదానం చదును చేయించింది ఆయన. కాలేజీ కమిటీ పెద్దల కాళ్లావేళ్లా పడి నన్ను పెట్టించింది ఆయన. పెట్టిస్తూ ఈ ఏడు కప్పు తెస్తానని వాళ్లకు మాటిచ్చింది కూడా ఆయనే. ఫైనలుకు ముందు నన్ను గదిలోకి పిలిచారు.

"మన దాసు స్పీడు తగ్గిందంటగా. ఏం చేశారు మీరు?"

"చెయ్యి సరిచేశానండీ."

"కప్పొచ్చాక సరిచెయ్యండి మాస్టారూ! ఇన్నాళ్లూ ఎవడన్నా నోబాల్ అన్నాడా?"

"ఇక్కడ అనలేదు. గుంటూరులో అంటారు. అవతలి కాలేజీ వాళ్లు అప్పుడే కంప్లైంటు ఇచ్చారట, మనవాడు విసురుతాడని."

"ఒకటీ అరా అయితే ఎవరు చూస్తారండీ? కప్పు రాకపోతే కమిటీ వాళ్లకు నేనేం చెప్పుకోను? మీ ఉద్యోగం కూడా..." అని ఆగారు.

నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపం దాచుకోవటం నాకు ఏనాడూ చేతకాలేదు.

"నా ఉద్యోగం సంగతి మీరు చూసుకోండి. వాడి చెయ్యి సంగతి నేను చూసుకుంటాను" అని లేచి వచ్చేశాను. మీ పైవాళ్లతో ఇలా మాట్లాడమని నేను చెప్పను. కానీ కుర్రవాడి బతుక్కీ కప్పుకీ పోటీ వచ్చిన రోజున, ఎటు నిలబడాలో ముందే తేల్చుకుని ఉండాలి. ఆ రోజు వచ్చాక తేల్చుకుందామంటే కుదరదు.

ఫైనలు

గుంటూరులో ఆ రోజు ఎండ పేలిపోతోంది. ఊరంతా మిరపకాయ వాసన. పొద్దున్నే వెళ్లి మేకులు చూసుకున్నాను, చాప బిగువుగానే ఉంది. పెద్ద అంపైరు నెరిసిన మీసాలాయన, ఎవరితోనూ మాట్లాడలేదు. బౌలరు వెనక తన వంతు లేనప్పుడల్లా పక్కన నిలబడి, దాసు బంతి వేసినంతసేపూ రెప్ప వెయ్యకుండా వాడి మోచేతినే చూశాడు.

మావాళ్లు ముందు ఆడి ఓ మోస్తరు పరుగులు చేశారు. అవతలి జట్టు తడబడుతూ, నిలబడుతూ దగ్గరికొచ్చేసింది. చివరికి వాళ్లకు ఒకే వికెట్టు మిగిలింది, ఒక ఫోరు కొడితే కప్పు వాళ్లది. బంతి దాసు చేతిలో ఉంది. ఎదురుగా ఉన్నవాడు బ్యాటు సరిగ్గా పట్టుకోవటం కూడా రాని ఆఖరివాడు. పాత విసురుడు బంతి ఒక్కటి పడితే వాడి వికెట్లు గాల్లో ఉంటాయి. ఆ సంగతి అందరికీ తెలుసు.

శీను పరుగున దాసు దగ్గరికొచ్చాడు. వాడు గొంతు తగ్గించాననుకున్నాడు గానీ షామియానా దాకా వినిపించింది.

"ఒరేయ్ దాసూ, ఒక్కటి పాతది వెయ్యరా! ఒక్కటంటే ఒక్కటి. ఎగిరిపోద్ది వాడి వికెట్టు!"

దాసు తిరిగి నా వైపు చూశాడు. నా పక్క కుర్చీలో ప్రిన్సిపాలు గారు నా మోచెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. "వెయ్యమనండి మాస్టారూ, చెయ్యి ఊపండి, మిమ్మల్నే చూస్తున్నాడు!"

నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. వాడికి నేను ఇవ్వాల్సింది ఇచ్చేశాను, ఇక వాడే తేల్చుకోవాలి. వాడేం చేస్తాడో నాకు తెలుసా అంటే తెలియదు. నేను బౌలింగు చేసిన రోజుల్లో ఒక్కనాడు కూడా అంత భయపడలేదు.

దాసు బంతిని తొడకు రుద్దుకున్నాడు. వెనక్కి నడిచాడు. అక్కడ ఆగి, ఉత్త చెయ్యి పక్కన రెండుసార్లు గిరగిరా తిప్పాడు. నా ఊపిరి తిరిగొచ్చింది. పరిగెత్తుకొచ్చాడు, భుజం తిరిగింది, చెయ్యి చెవి పక్కనుంచి నిటారుగా వచ్చింది. మంచి బంతి. బ్యాట్స్‌మన్ కళ్లు మూసుకుని ఊపాడు. బ్యాటు అంచు తగిలి బంతి వికెట్టుకు వెంట్రుకవాసిలో తప్పుకుని బౌండరీకి పోయింది.

ఓడిపోయాం. అవతలివాళ్లు గంతులేశారు. శీను చాప మీద కూలబడ్డాడు. ప్రిన్సిపాలు గారు నా వైపు చూడకుండా లేచి కారెక్కారు. దాసు మాత్రం వేసినచోటే నిలబడి ఉన్నాడు. పెద్ద అంపైరు వాడి దగ్గరికి నడిచి వెళ్లి కుడి మోచెయ్యి చేత్తో పట్టుకున్నాడు. నేను పరుగులాంటి నడకతో వెళ్లాను.

"నీ మీద కంప్లైంటు వచ్చింది, తెలుసా?" అంటున్నాడాయన. "పొద్దున్నుంచీ నీ చెయ్యే చూస్తున్నా. ఇంత శుభ్రమైన చెయ్యి నేను చూసి చాలా కాలమైంది. ఇకమీద ఎవడన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు."

ఆయన వెనకే వచ్చిన సెలెక్టరు ఆ మాట విన్నాడు. దాసు ఊరూ పేరూ అడిగి, "యూనివర్సిటీ క్యాంపుకు వచ్చెయ్యవోయ్. వేగం సంగతి అక్కడ చూసుకుందాం, వయసుంది" అన్నాడు.

చివరికి ఉంచుకున్నది

తర్వాతి సంగతులు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వేగం వచ్చింది. దాసు యూనివర్సిటీకి ఆడాడు, రైల్వేలో చేరాడు. ప్రిన్సిపాలు గారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు, ఉద్యోగం మాత్రం తియ్యలేదు. మరుసటి ఏడు ఇంకో విసురుడు కుర్రవాణ్ణి వెంటబెట్టుకొచ్చి "ఆ తాడు ఇంకా ఉందా మాస్టారూ?" అని అడిగారు. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను కప్పులెన్ని తెచ్చారని అడుగుతారు. తెచ్చాను, కొన్ని తెచ్చాను. కానీ ఈ పని ఎందుకు చేశానని నన్ను నేను అడుక్కున్నప్పుడు గుర్తొచ్చేది ఏ కప్పూ కాదు, ఫైనలు ఓడిన రోజు సాయంత్రం.

ఆ సాయంత్రం దాసును ఇంట్లో దింపటానికి నేనూ వెళ్లాను. బస్సు దిగి ఇద్దరం నడుస్తుంటే ఏదో ఒకటి గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. వెదురు బద్ద, కెమిస్ట్రీ లెక్చరరు గారు, మిరపచేలో పడిన నా రాయి. నవ్వుకుంటూనే గుమ్మంలోకి వెళ్లాం. మరియమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది.

"గెలిచారా అయ్యా?"

"ఓడిపోయామమ్మా."

ఆవిడ మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఓడిపోయి ఇంత సంబరంగా వచ్చినోళ్లని నేనెక్కడా చూళ్లేదయ్యా" అంది.

దాసు సెలెక్టరు అన్న మాట చెప్పాడు. క్యాంపు అంటే ఏమిటో, రైల్వే ఉద్యోగం ఎలా వస్తుందో నేను చెప్పాను. ఏలియా మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది. తగ్గాక తువ్వాలుతో మొహం తుడుచుకుని కొడుకు వైపు చూశాడు.

"మరి మిల్లు మేస్త్రీకి ఏం చెప్పమంటావురా?"

దాసు తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "రానని చెప్పు నాయనా" అన్నాడు.

ఏలియా లేచి తువ్వాలు భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

"ఈ పొద్దప్పుడు ఎక్కడికి? అన్నం తిని రేప్పొద్దున చెప్పొచ్చులే" అంది మరియమ్మ.

"ఇప్పుడే చెప్పొస్తా" అన్నాడాయన. గుమ్మం దిగి మిల్లు వైపు గబగబా నడిచాడు. ఆయన దగ్గు రోడ్డు మలుపు దాకా మాకు వినిపిస్తూనే ఉంది.